పదికి తొమ్మిది

విశాఖపట్నం,
19 జులై 1998.

పిన్నీ,

ప్రియ వందనాలు. మొన్న ఆదివారం చర్చిలో నా చోట ఎవరు కూర్చున్నారో రాయి. ఖాళీగా ఉంచావంటే సంతోషిస్తాను, మన గ్లోరీ చెల్లిని కూర్చోబెట్టావంటే ఊరుకుంటాను, ఇంకెవరైనా అయితే మాత్రం అలుగుతాను.

హాస్టల్లో చారు నీళ్ళలా ఉంటుంది. గదిలో నాతోపాటు టెక్కలి అమ్మాయి శశికళ ఉంది. మేమిద్దరం నోరు జారి "ఏటి" అంటే చాలు, తక్కినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. అందుకని ఇద్దరం ఒళ్ళు దగ్గర పెట్టుకుని "ఏమిటి" అంటున్నాం. మా మాట మాకే కొత్తగా ఉంది.

అసలు గోడు హోంవర్కు. డిగ్రీకొస్తే హోంవర్కు ఉండదని ఎవరు చెప్పారో గానీ వాళ్ళని ఇక్కడికి పంపు. ఈ నెలాఖరు నుంచి నాలుగు సబ్జెక్టులవీ ఒక్కొక్కటిగా ఇవ్వాలి. అర్థశాస్త్రంలో, క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని ఉదాహరణతో వివరించమన్నారు. పేరు చూసి జడుసుకోకు, ఒక వస్తువు వాడేకొద్దీ దాని మీద మోజు తగ్గుతుందట, అంతే. చరిత్రలో, జమీందారీ విధానం రైతుల బతుకు మీద చూపిన ప్రభావం. రాజనీతిలో, హక్కులకూ విధులకూ ఉన్న సంబంధం. బి.ఏ. వాళ్ళకి కూడా ఒక సైన్సు పేపరు తగిలించారు, అందులో నిత్యజీవితంలో ఆమ్లాలు, క్షారాలు.

మీ ఇంట్లో ఉండి చదివిన ఆరేళ్ళూ నువ్వు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, నా పుస్తకం లాక్కుని "దీనికి ఇంత గొడవేటే" అంటూ చెప్పేదానివి. అమ్మమ్మకి జబ్బు చేసి నీ చదువు ఇంటర్ మొదటి ఏడాదితో ఆగకపోయుంటే, ఈ మంచం నీది అయ్యేది. సరే, నువ్వయితే వీటికి ఏం రాసేదానివి?

చిన్నాన్నని అడిగానని చెప్పు.

చారులో పప్పు వెతుక్కుంటున్న
ప్రియ


కాశీబుగ్గ,
27 జులై 1998.

ఒసే కాలేజీ పిల్లా,

నీ చోటు ఖాళీగా ఉంచాను. పాస్టరు తిమోతి గారు ప్రసంగం మధ్యలో రెండుసార్లు ఆ చోటు కేసి చూశారు. ఇక అలగకు.

నన్ను అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఆ పొడుగాటి పేరున్న సూత్రం మాకు కొత్తేమీ కాదు. మా జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే గ్రేడింగుకి ఏ గుంట కొత్తగా వచ్చినా, మేస్త్రీ జగన్నాథరావు మొదటి రోజు దాని ముందు గిన్నెడు ముక్కలు పెట్టి ఏమంటాడో తెలుసా? "తినమ్మా, ఎన్ని కావాలంటే అన్ని తిను, ఎవులూ ఏటీ అనరు." పుట్టాక జీడిపప్పు పండక్కి తప్ప ఎరగని పిల్ల. మొదటి పిడికెడు కళ్ళు మూసుకుని తింటుంది. రెండోది కబుర్లు చెబుతూ తింటుంది. మధ్యాహ్నానికి నములుతూ ఉంటుంది గానీ రుచి తెలియదు. సాయంత్రం కడుపు పట్టుకుంటుంది. మూడో రోజు నుంచి పళ్ళెం నిండా పప్పు ముందున్నా ఒక్క బద్ద నోట్లో వేసుకోదు. వద్దని కాపలా కాస్తే జీవితమంతా తినేది, తినమన్నాడు కాబట్టి మానేసింది. ఆ సూత్రం కనిపెట్టిన దొర ఎవరో నాకు తెలియదు, మా మేస్త్రీ మాత్రం దాంతోనే ఫ్యాక్టరీ నడుపుతున్నాడు.

ఇదీ నా జవాబు. పనికొస్తే రాసుకో, లేకపోతే చారులో వేసుకో. తక్కినవి ఆలోచించి రాస్తాను.

గ్లోరీ నీ పాత లంగా వేసుకుని "నాను ప్రియక్కని" అంటూ ఇల్లంతా తిరుగుతోంది.

ఇట్లు, ఇంటర్ ఫెయిలు కాని, పాసూ కాని
నీ దీనమ్మ పిన్ని


విశాఖపట్నం,
16 ఆగస్టు 1998.

పిన్నీ,

ఎగిరి గంతెయ్యి. నీ జవాబు మక్కీకి మక్కీ రాసి ఇచ్చాను. కామేశ్వరి మేడం దాన్ని క్లాసులో పైకి చదివి వినిపించారు. గిన్నెడు ముక్కల దగ్గర క్లాసంతా నవ్వింది. పదికి తొమ్మిది వేశారు. ఒక్క మార్కు ఎందుకు తగ్గిందో అడగకు, పూర్తిగా ఆవిడ ఎవరికీ వెయ్యరట.

పరీక్షలు దగ్గర పడుతున్నాయి, చిన్న ఉత్తరమే రాస్తున్నాను.

ప్రియ


కాశీబుగ్గ,
30 ఆగస్టు 1998.

నా బంగారు తల్లీ,

తొమ్మిదా! నీ ఉత్తరం ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళాను. జీడి పిక్కలు కొట్టే పెద్దతల్లికి చదువు రాదు కదా, ఆ తొమ్మిది ఎక్కడుందో చూపించమని వేలు పెట్టించుకుంది. "ఓలమ్మ, పట్నంలో మేడాలు మన ముక్కల గిన్నె గురించి సదువుకుంతన్నారా!" అని ఆవిడ గోల. మీ చిన్నాన్న విజయ్ కుమార్ కూడా, ఎప్పుడూ ఏ మాటకీ తొణకని మనిషి, "ఔనా?" అని రెండుసార్లు అడిగాడు. నేను చదువు ఆపాక నాకు మార్కులు రావడం ఇదే మొదలు. పద్నాలుగేళ్ళయింది. ఏడ్చాను కూడా, ఎందుకు దాచాలి.

ఇక చరిత్ర ప్రశ్న. మా తాత ఊళ్ళో జమీందారు కోట ముందు నుంచి ఎవరు వెళ్ళినా చెప్పులు చేత్తో పట్టుకోవాలట. చట్టం వచ్చింది, ఎస్టేటు పోయింది, కోటలో గబ్బిలాలు చేరాయి. నేను ఆయన వేలు పట్టుకుని నడిచే నాటికి ఇదంతా అయిపోయి పాతికేళ్ళు. అయినా ఆ మలుపు వస్తే తాత వంగి చెప్పులు తీసేవాడు. "ఎవులున్నారు తాతా అక్కడ?" అంటే, "ఎవులూ నేరులే, కాలు ఒప్పుకోదు" అనేవాడు. ప్రభావం అంటే అదే అనుకుంటాను. అలాగే రాయి.

సైన్సు ప్రశ్నకి మాత్రం నాకే ఒక ప్రశ్న ఉంది. పిక్కలు కొట్టే చోట నేనూ నాలుగేళ్ళు చేశాను. జీడి రసం తగిలితే చేతులు కాలి తోలు ఊడొస్తుంది. అందుకని ముందే ఆముదం రాసుకుంటాం. సబ్బు రాస్తే ఆగదు, నీళ్ళు పోస్తే అసలే ఆగదు, ఆముదానికే ఎందుకు ఆగుతుంది? నీ పుస్తకంలో ఉంటే చూసి రాయి. పెద్దతల్లి కూడా అడుగుతోంది.

నిన్ను చూసి కాలరెత్తుకుంటున్న, కాదు, పైటెత్తుకుంటున్న
పిన్ని


విశాఖపట్నం,
6 డిసెంబరు 1998.

పిన్నీ,

ఆలస్యానికి తిట్టకు. చరిత్రకి ఎనిమిది, నువ్వు తరవాత పంపిన హక్కులూ విధుల జవాబుకి మళ్ళీ తొమ్మిది. మేడంలందరికీ నీ జవాబులే నచ్చుతున్నాయి.

హాస్టల్లో ఒకావిడ సార్వత్రిక విశ్వవిద్యాలయం కాగితాలు పంచింది. ఇంటర్ లేకపోయినా ఒక అర్హత పరీక్ష రాసి బి.ఏ. లో చేరవచ్చట. ఇంట్లో ఉండి చదవడం, ఆదివారాలు టెక్కలి స్టడీ సెంటర్లో క్లాసులు, ఏడాదికి ఒకసారి పరీక్షలు. నువ్వు కడితే ఫస్టు క్లాసే. నేను చెబుతున్నాను కదా.

ప్రియ


కాశీబుగ్గ,
20 జూన్ 1999.

ప్రియా,

కట్టేశాను. అర్హత పరీక్ష గుండ్రాలు నింపే పరీక్ష, చులాగ్గా పాసయ్యాను. ఇప్పుడు నేనూ బి.ఏ. మొదటి సంవత్సరం. నువ్వు రెండు. అక్కా అని పిలవమంటావా?

మీ చిన్నాన్న ముందు ఒప్పుకోలేదు. ఆదివారం నేను టెక్కలి పోతే గ్లోరీని ఎవరు చూస్తారు, వాళ్ళమ్మ మందులెవరు వేస్తారు. నేను నీ మార్కుల ఉత్తరాలు రెండూ ముందు పెట్టాను. తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది. చాలాసేపు చూశాడు. తరవాత అన్నాడు, "సరే, ఒక్క ఏడు సదువు. పాసైతే మిగతా రెండేళ్ళూ నానే టెక్కలి దించుతాను. అవ్వకపోతే మరా మాట ఎత్తకు." కోపంగా అనలేదు. లెక్కగా అన్నాడు. నేనూ సరేనన్నాను, నాకు భయం లేదు కాబట్టి.

పాస్టరు గారు ఇంకో మాట చెప్పారు. సంఘం వాళ్ళ బడిలో చిన్నపిల్లల టీచరు ఒకావిడ మరో మూడేళ్ళలో మానేస్తుంది. డిగ్రీ ఉంటే ఆ చోటు నాకేనట. ఊహించుకోవే. పళ్ళెం ముందు కాదు, పలక ముందు కూర్చోవడం.

ఆముదం సంగతి రాయడం మరిచిపోయావు. చూడు.

నీ జూనియరు
దీనమ్మ, బి.ఏ. (అవబోతున్న)


కాశీబుగ్గ,
7 నవంబరు 1999.

ప్రియా,

మేమంతా క్షేమం. గాలివానకి వంటింటి రేకులు రెండు లేచిపోయాయి. మనుషులకేమీ కాలేదు, దేవునికి స్తోత్రం. ఉద్దానంలో జీడితోటలు పడుకున్నాయి. సంతబొమ్మాళి దగ్గర మీ చిన్నాన్న మేనత్తకి ఉన్న పదహారు చెట్లూ వేళ్ళతో సహా లేచాయట. ఫ్యాక్టరీ మూసేశారు, ఎప్పుడు తెరుస్తారో తెలియదు.

చదువుకోవడానికి టైము దొరికిందని సంతోషపడదామంటే, నా పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఎండబెట్టి విప్పితే పేజీ పేజీకీ అతుక్కుని చిరిగిపోతోంది. ఆర్థికశాస్త్రం అసలు లేదు.

అందుకని నీతో పని పడింది. నా జవాబులు మీ మేడం దిద్దిన కాగితాలు నీ దగ్గర ఉంటాయి కదా, అవన్నీ పంపు. ఎక్కడ టిక్కు పెట్టారు, ఎక్కడ మార్కు తగ్గించారు చూసుకుంటే చాలు, నాకు పుస్తకం అక్కర్లేదు. తొమ్మిది వచ్చిన దాన్ని పది ఎలా చెయ్యాలో అందులోనే తెలుస్తుంది.

పోస్టు ఇప్పుడు బాగానే వస్తోంది. ఆలస్యం చెయ్యకు.

తడిసిన పుస్తకాల మధ్య కూర్చున్న
పిన్ని


విశాఖపట్నం,
25 నవంబరు 1999.

పిన్నీ,

రేకులు పోయాయని తెలిసి బాధేసింది. మీరంతా బాగున్నారు, అదే చాలు.

ఆ కాగితాలు మేడంలు తిరిగి ఇవ్వరు. కాలేజీలోనే ఉంచేసుకుంటారు. అయినా నీకెందుకు అవి? నీ పద్ధతి నీకు తెలుసు. అలాగే రాయి, ఏమీ మార్చకు.

నా నోట్సు పంపుదామంటే చేతిరాత నీకు అర్థం కాదు. శశికళకి జ్వరం, వెళ్ళాలి.

ప్రియ


కాశీబుగ్గ,
4 జూన్ 2000.

ప్రియా,

అయిపోయాయి! ఆరు రోజులు టెక్కలి వెళ్ళొచ్చాను. బస్సులో నిలబడి వెళ్ళి కుర్చీలో కూర్చుని రాశాను, అంతకంటే రాజభోగం ఏముంటుంది.

ఆర్థికశాస్త్రం పేపరు విప్పగానే మొదటి ప్రశ్న ఏంటో చెప్పుకో. క్షీణోపాంత ప్రయోజన సూత్రం! హాల్లో పైకే నవ్వేశాను. వాచీ చూసుకుంటున్న సారు "ఏటమ్మా, బాగున్నావా?" అన్నారు. ఒకటిన్నర పేజీలో రాసేశాను. మేస్త్రీని, గిన్నెని, కొత్త పిల్లని, అందరినీ దింపాను. పక్కన కూర్చున్న కుర్రవాళ్ళు గడగడా నాలుగేసి పేజీలు, మధ్యలో గీతలు, బొమ్మలు. పాపం బట్టీ పట్టినట్టున్నారు. వాళ్ళని చూస్తే జాలేసింది.

చరిత్రలో తాత చెప్పులు మళ్ళీ పనికొచ్చాయి. రాజనీతిలో ఫ్యాక్టరీలో మేము మంచినీళ్ళ కుండ కోసం పోట్లాడిన సంగతి రాశాను. సైన్సులో ఆముదం గురించి రాశాను గానీ, ఎందుకో తెలియదని కూడా నిజాయితీగా రాసేశాను. నువ్వు చెప్పి ఉంటే ఆ మాట రాయాల్సిన పని ఉండేది కాదు. ఇది మాత్రం నీ మీద కోపం.

ఫలితాలు ఆగస్టులోనట. మీ చిన్నాన్న ఇప్పుడే అడుగుతున్నాడు, వచ్చే ఏడు పుస్తకాలు ఎప్పుడిస్తారని.

పిన్ని


కాశీబుగ్గ,
10 సెప్టెంబరు 2000.

ప్రియా,

ఏదో పొరపాటు జరిగింది. తెలుగు ఒక్కటే పాసు. ఆర్థికశాస్త్రం వందకి పదకొండు. చరిత్ర పద్నాలుగు. రాజనీతి తొమ్మిది. సైన్సు ఏడు. ఇంగ్లీషు నాకు రాదు, అది వదిలెయ్, ఒక్కటి పోతే మరుసటి ఏడు రాసుకోవచ్చట. ఆ పదకొండు చూసి నేను నమ్మలేదు. నా పేపరు ఇంకెవరిదానితోనో కలిసిపోయి ఉంటుంది.

మీ చిన్నాన్న కాగితం మడిచి బైబిల్లో పెట్టాడు. "మాటంటే మాటే దీనమ్మా" అన్నాడు, కానీ కళ్ళు పక్కకి తిప్పుకుని అన్నాడు. పొరపాటని రుజువు చేస్తే మాట వెనక్కి తీసుకుంటానన్నాడు. ఈ నెలాఖరు దాకా గడువు.

అందుకే శుక్రవారం పాసింజరుకి విశాఖపట్నం వస్తున్నాను. మీ కామేశ్వరి మేడంని కలుస్తాను. ఇదే ప్రశ్నకి, ఇదే జవాబుకి తొమ్మిది వేసిన మనిషి. ఈ జవాబు ఇంత పనికిమాలినది కాదని ఆవిడ ఒక్క ముక్క రాసిస్తే, దాన్ని పట్టుకుని పేపరు మళ్ళీ దిద్దమని అడుగుతాను. ఆవిడకి అరకేజీ గుండ్లు, ఎక్కడా విరగని నిండు పప్పు, ఏరి ఉంచాను. ఒక్క బద్ద కూడా లేదు అందులో.

నువ్వు స్టేషనుకి రానక్కర్లేదు. కాలేజీ గేటు దగ్గర ఉండు చాలు.

పిన్ని


విశాఖపట్నం,
24 సెప్టెంబరు 2000.

పిన్నీ,

నీ ఉత్తరం నాకు శనివారం అందింది. నువ్వు శుక్రవారమే వచ్చి వెళ్ళిపోయావు. మేమంతా సేవా శిబిరం అని భీమిలి దగ్గర పల్లెకి వెళ్ళాం. నేను గేటు దగ్గర లేను. ఉండి ఉంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు, పారిపోయేదాన్నేమో.

సోమవారం మేడం పిలిచారు. "మీ పిన్ని వచ్చింది. నేను తొమ్మిది వేశానంటుంది. నాకు బాగా గుర్తు, ఆ జవాబుకి రెండు వేశాను. తరవాత ఎప్పుడూ నువ్వు అలాంటివి రాయలేదని కూడా చెప్పాను. ఆవిడ ఈ పొట్లం ఇచ్చి, వందనాలండి అని వెళ్ళిపోయింది. నాకెందుకు ఇచ్చిందో తెలియలేదు" అన్నారు. పొట్లం నా చేతిలో పెట్టారు.

ఇప్పుడైనా నిజం రాస్తాను. నీ మొదటి జవాబు నేను నిజంగానే రాసి ఇచ్చాను. మేడం క్లాసులో చదివారు, అదీ నిజమే. చదివి, "ఇది కథ, జవాబు కాదు. నిర్వచనం లేదు, పట్టిక లేదు, రేఖాపటం లేదు" అన్నారు. అందరూ నవ్వారు. ఎర్ర సిరాతో పదికి రెండు. నాకు తల కొట్టేసినట్టయింది. నీకు రెండని ఎలా రాయను? తొమ్మిదని రాసేశాను. ఒక్కసారికే అనుకున్నాను. తరవాత నువ్వు పంపినవేవీ నేను ఎవరికీ ఇవ్వలేదు. పుస్తకంలోంచి ఎత్తి రాసి ఇచ్చాను. నీకు మాత్రం ఎనిమిదులూ తొమ్మిదులూ రాస్తూ పోయాను.

గాలివాన తరవాత నువ్వు కాగితాలు అడిగినప్పుడు చెప్పి ఉండాల్సింది. అప్పటికి ఆరు నెలల టైముంది. నోట్సు పంపి ఉంటే చాలు, నువ్వు వారంలో పట్టేసేదానివి. పంపితే నా అబద్ధం బయటపడుతుందని పంపలేదు. "ఏమీ మార్చకు" అని కూడా రాశాను. ఆ మాట నేనే రాశాను పిన్నీ.

నేను వచ్చి చిన్నాన్నకి చెబుతాను, తప్పు నాదని. ఇంకో ఏడు ఇవ్వమని కాళ్ళు పట్టుకుంటాను. రమ్మంటే రేపే వస్తాను.

ప్రియ


కాశీబుగ్గ,
8 అక్టోబరు 2000.

ప్రియకి,

రావద్దు. మీ చిన్నాన్నకి నేనే చెప్పాను, పరీక్ష సరిగ్గా రాయలేదని. నీ పేరు ఎత్తలేదు, ఎత్తను కూడా. నీ ఉత్తరాలు చూసి ఆయన ఒప్పుకున్నాడు. ఇప్పుడు అవి అబద్ధమని తెలిస్తే రేపు గ్లోరీ చదువు విషయంలో కూడా ఎవరి మాటా నమ్మడు.

స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడు ఒకటే ఆలోచన. ఆ కుర్రవాళ్ళని చూసి జాలిపడ్డాను కదా, హాల్లో పైకి నవ్వాను కదా. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మా గ్రేడింగులో మూడు డబ్బాలు. గుండ్లు, బద్దలు, ముక్కలు. గుండ్ల డబ్బాలో ఒక్క బద్ద కనబడితే మేస్త్రీ తిట్టడు, అరవడు. డబ్బా మొత్తం పళ్ళెంలో బోర్లించి, మొదట్నుంచి ఏరమంటాడు. నేనిప్పుడు నీ ఉత్తరాలన్నీ అలా బోర్లించుకుని కూర్చున్నాను. చర్చిలో నా పక్క చోటు కావాలన్నావే, అది గుండా బద్దా? ఈ మంచం నీది అయ్యేది పిన్నీ అన్నావే, అది? నాకు తెలియడం లేదు.

కొన్నాళ్ళు రాయకు.

దీనమ్మ


విజయనగరం,
11 ఫిబ్రవరి 2007.

పిన్నీ,

కొన్నాళ్ళన్నావు, ఆరేళ్ళు దాటింది. పెళ్ళిళ్ళలో కనబడితే "బాగున్నావా" అంటావు. ఫోను చేస్తే "బాగున్నాం" అని గ్లోరీకి ఇచ్చేస్తావు. అందుకే మళ్ళీ కాగితం తీశాను. కాగితాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వలేవు కదా.

నేనిక్కడ డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతున్నానని అమ్మ చెప్పే ఉంటుంది. మొన్న పిల్లలకి హోంవర్కు ఇచ్చాను. అదే సూత్రం. అరవై మంది, అరవై కాగితాలు, అందరూ రొట్టెముక్కలూ నారింజపండ్లూ. ఒకే పుస్తకం, ఒకే పట్టిక. అరవై మందికీ తొమ్మిదేసి వేశాను. ఒక్కరు కూడా ఎప్పుడూ దేన్నీ తిని విసిగినట్టు లేదు. నీ జవాబు మీద ఒక్క నిర్వచనం, కింద ఒక్క గీత ఉంటే చాలు, వాళ్ళందరికంటే మంచి జవాబు. అప్పుడు నాకు ఆ మాత్రం తెలియలేదు. తెలిసినా నీకు చెప్పే ధైర్యం ఉండేది కాదేమో.

ఆముదం సంగతి మా కెమిస్ట్రీ మేడంని అడిగాను. జీడి రసం కూడా నూనె లాంటిదేనట, నీటిలో కలవదు. ముందే చేతికి ఆముదం ఉంటే రసం దానిలో కలిసి పైనే ఉండిపోతుంది, తోలు లోపలికి దిగదు. ఆవిడ రెండు నిమిషాల్లో చెప్పింది. నాకు అడగడానికి ఎనిమిదిన్నరేళ్ళు పట్టింది. పెద్దతల్లికి కూడా చెప్పు.

ఆ ఎర్ర సిరా కాగితం చింపలేదు. నా ట్రంకు పెట్టె అడుగున ఉంది. ఇల్లు మారినప్పుడల్లా తీసి చూసి మళ్ళీ పెట్టేస్తున్నాను.

క్షమించమని అడగడానికి కూడా సిగ్గేస్తోంది. అయినా అడుగుతున్నాను.

ప్రియ


కాశీబుగ్గ,
4 మార్చి 2007.

ప్రియా,

పెద్దతల్లి పోయి మూడేళ్ళయింది. ఆముదం సంగతి తెలియకుండానే పోయింది. గ్రేడింగులో ఉన్న కొత్త పిల్లలకి చెప్పాను. "అదా సంగతి!" అన్నారు. బాగుంది.

సంఘం బడిలో ఆ చోటు వేరే అమ్మాయికి వచ్చింది. మంచి పిల్లే. నేను ఆదివారం బడిలో చిన్నపిల్లలకి కథలు చెబుతున్నాను, దానికి డిగ్రీ అడగరు. అది కూడా నాకు సంతోషమే, కానీ ఆ పలక దగ్గర నుంచి వెళ్ళినప్పుడల్లా తల వంచుకునే వెళ్తాను. తాత చెప్పుల్లాగే అనుకో.

క్షమించావా అని అడిగావు. దేవుని ముందు ఎప్పుడో క్షమించాను, మోకాళ్ళ మీద ఉండి పేరు పెట్టి చెప్పాను. మనుషుల దగ్గర అంత తొందరగా కుదరడం లేదు. పోయిన నెల గ్లోరీ ఇంటర్ హోంవర్కు తెచ్చి "అమ్మా, సూడు, బాగుందేటి?" అంది. నోటి దాకా వచ్చింది, బాగుందని. ఆగిపోయాను. కూర్చోబెట్టి, ఏది తప్పో, ఎందుకు తప్పో నాకు తెలిసినంత చెప్పాను. మొహం ముడుచుకుంది. అన్నం తినలేదు. మర్నాడు దిద్దుకుని తెచ్చింది. అది చూసినప్పుడు నాకు అసలు బాధ అర్థమైంది ప్రియా.

నువ్వు నాకు ఇచ్చిన తొమ్మిది గురించి కాదు నా ఏడుపు. నువ్వు ఇవ్వకుండా దాచిన రెండు గురించి. ఆ రెండు నావి. నేను కష్టపడి తెచ్చుకున్నవి. ఆ రోజే చెప్పి ఉంటే ఒకరోజు అన్నం మానేసేదాన్ని, మర్నాడు మిగతా ఎనిమిది ఎలా తెచ్చుకోవాలో నేర్చుకునేదాన్ని. నాకు చేత కాదని నువ్వే అనుకున్నావు. నన్ను అడగలేదు.

ఇన్నేళ్ళూ ఏరాను. అన్నీ తీసేయగా డబ్బాలో మిగిలింది ఆ రెండే. ఆ కాగితం నీ దగ్గర ఉందన్నావు. రిజిస్టరు పోస్టులో పంపు. మా ఇంట్లో గ్లోరీ మార్కుల కాగితాలు పెట్టే గూడు ఒకటుంది, అందులో పెట్టుకుంటాను.

నా రెండు మార్కులు నాకు పంపించెయ్యి.

పిన్ని